హజ్‌కు వెళ్లే వృద్ధునికి ఉన్న టీకా, ఇంట ఉన్న వృద్ధునికి ఎందుకు లేదు?

(ఏర్పేడులో జరిగిన వయోధికుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

నేను వైద్యుణ్ణి కాను. పట్టభద్రుణ్ణి, ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసి పదవీ విరమణ పొందినవాణ్ణి. ఫైలు చదవడం, అందులోని విషయాన్ని సామాన్యునికి అర్థమయ్యేటట్లు రెండు మాటలలో చెప్పడం నా వృత్తి. ఈ సభలో నూటికి ఎనభై మంది అరవై దాటినవారే గనుక మనందరి దేహాలలో జరుగుతున్న ఒక మార్పును గురించి, దానికి సంబంధించి ప్రభుత్వం వద్ద మనకు గల హక్కును గురించి మాట్లాడదలచాను.

జబ్బుల నుండి మనలను కాపాడే శక్తి వయసుతోపాటు తగ్గుతుందని అందరికీ తెలుసు. ఎందుకు తగ్గుతుంది, ఏది తగ్గుతుంది, ఏది తగ్గదు అన్నది తెలియదు. అది తెలియనందువల్లనే "ముసలితనం, ఇంతే" అని ఇంట్లోవారూ అంటారు, ఆస్పత్రిలోనూ అంటారు.

మన రొమ్ము ఎముక వెనుక, గుండెకు కొంచెం పైగా థైమస్ అనే చిన్న గ్రంథి ఉన్నది. దాని పని ఏమిటో 1961 వరకు లోకానికి తెలియదు. ఆ సంవత్సరం జాక్ మిల్లర్ అనే శాస్త్రజ్ఞుడు అప్పుడే పుట్టిన ఎలుకలనుండి దానిని తొలగించి, అవి రోగాలను ఎదుర్కొనలేకపోవడం గమనించి దాని ప్రాముఖ్యాన్ని బయటపెట్టాడు. ఎముకల మూలుగలో పుట్టిన కొన్ని తెల్ల కణాలు ఈ గ్రంథికి వచ్చి శిక్షణ పొందుతాయి. వీటినే టి-కణాలు అంటారు. పరాయిదాన్ని గుర్తించాలి, స్వంత దేహాన్ని గాయపరచకూడదు. ఈ రెండు పరీక్షలలో నెగ్గిన కణమే రక్తంలోకి వస్తుంది. నూటికి ఐదు కూడా నెగ్గవు. మన పోటీ పరీక్షలు దీని ముందు చాలా దయగలవి.

ఈ శిక్షణాలయం యౌవనారంభం నుండే కుంచించుకుపోతుంది. దాని స్థానంలో కొవ్వు చేరుతుంది. అరవై దాటేసరికి పనిచేసే భాగం చాలా కొద్దిగా మిగులుతుంది. అంటే కొత్త ఉద్యోగుల నియామకం దాదాపు ఆగిపోయిందన్నమాట. పాత ఉద్యోగులు ఉన్నారు, రికార్డు గది ఉన్నది, పూర్వం వచ్చిన కేసు మళ్లీ వస్తే ఫైలు తీసి పని జరిపిస్తారు. ఎన్నడూ ఎరుగని కొత్త కేసు వస్తే చూడడానికి మనిషి లేడు. 2020లో వచ్చిన కరోనా వృద్ధులనే ఎక్కువగా బలిగొనడానికి గల ముఖ్య కారణాలలో ఇది ఒకటి. అది పూర్తిగా కొత్త కేసు.

రికార్డు గదిలో మరొక చిక్కు. సైటోమెగాలో అనే ఒక వైరస్ మన దేశంలో పెద్దలైన వారిలో అత్యధికుల శరీరాలలో చిన్ననాడే ప్రవేశించి, జబ్బేమీ చేయకుండా ఉండిపోతుంది. దానిని కాపలా కాయడానికే జ్ఞాపకకణాలలో పెద్ద భాగం ఏళ్ల తరబడి కేటాయించబడుతుంది. ఒక్క కక్షిదారుని కట్టలతోనే బీరువాలన్నీ నిండిన కార్యాలయాలను నేను చూచాను గనుక ఈ సంగతి నాకు వెంటనే బోధపడింది.

ప్రతిదేహాలను తయారుచేసే బి-కణాలు కూడా మునుపటి నాణ్యత గలవాటిని తయారు చేయలేవు. సూక్ష్మజీవుల మీదకు మొదట పరుగెత్తే తెల్ల కణాలు సంఖ్యలో తగ్గకపోయినా, దారి తప్పి ఆలస్యంగా చేరుతాయి. ఇన్ని తగ్గుతుండగా ఒకటి మాత్రం పెరుగుతుంది. దేహమంతటా సన్నని సెగ ఒకటి రాజుకొని ఆరకుండా ఉంటుంది. ఇటలీ శాస్త్రజ్ఞుడు క్లాడియో ఫ్రాంచెస్కి 2000లో దీనికి ప్రత్యేకంగా ఒక పేరే పెట్టాడు. గుండెజబ్బు, మధుమేహం, కీళ్ల అరుగుదల వంటివాటికి ఈ సెగ తోడ్పడుతుందని ఇప్పుడు భావిస్తున్నారు. కాబట్టి వృద్ధుని రోగనిరోధక వ్యవస్థ నిద్రపోతున్నదనడం సరికాదు. అవసరం లేనిచోట కేకలు వేస్తూ, అవసరమైనచోట ఆలస్యంగా వస్తున్నదనడం సబబు.

ఇక ఏది తగ్గదు? ఇక్కడ మన పూర్వులలో ఒకరిని స్మరించవలసి ఉన్నది. రయ్ నగరానికి చెందిన అర్‌రాజీ వెయ్యేండ్లకు పూర్వం మశూచినీ తట్టునూ వేరు చేసి గ్రంథం వ్రాసిన వైద్యుడు. మశూచి పిల్లలకే ఎందుకు వస్తుంది, ముసలివారికి ఎందుకు అరుదు అని ఆయన ప్రశ్నించుకున్నాడు. పిల్లల రక్తం అప్పుడే పిండిన ద్రాక్షరసం వంటిదనీ, యువకులది పులుస్తున్న రసం వంటిదనీ, వృద్ధులది సత్తువ ఉడిగిన రసం వంటిదనీ సమాధానం చెప్పుకున్నాడు. ఆ ఉపమానం నేడు నిలువదు. కాని వయసుకూ రోగానికీ గల లంకెను ఆ కాలంలోనే అడిగిన ఘనత ఆయనదే. అసలు సమాధానం 1846లో ఫారో దీవులలో దొరికింది. అక్కడ తట్టు వ్యాపించినప్పుడు పానుమ్ అనే యువ వైద్యుడు ఇల్లిల్లూ తిరిగి చూస్తే, 1781లో బాల్యంలో ఆ జబ్బు పడి లేచిన వృద్ధులెవరికీ అది మళ్లీ రాలేదు. మధ్యలో 65 ఏండ్లు గడిచినా దేహం మరచిపోలేదు. 1918 నాటి మహా ఇన్‌ఫ్లుయెంజాను పసితనంలో ఎదుర్కొన్నవారి రక్తంలో తొంభై ఏండ్ల తరువాత కూడా దాని ప్రతిదేహాలు ఉన్నాయని 2008లో పరిశోధకులు కనుగొన్నారు.

అనగా వార్ధక్యం పాత జ్ఞాపకాన్ని అంత తొందరగా చెరపదు. కొత్తది నేర్చుకోవడాన్ని కష్టతరం చేస్తుంది. కష్టతరమన్నాను గాని అసాధ్యమనలేదు. ఈ తేడా మీదనే నేటి నా ప్రసంగమంతా ఆధారపడి ఉన్నది.

పాత శత్రువు దాగి ఉండి, కాపలా సడలినప్పుడు బయటికి రావడమన్నది మన ప్రాంతంలో బాగా ఎరిగిన విషయం. చిన్నప్పుడు ఆటలమ్మ పోసినవారి నరాల మూలాలలో ఆ వైరస్ దశాబ్దాలపాటు దాగి ఉండి, యాభై అరవై ఏండ్ల తరువాత ఒక ప్రక్క మాత్రమే నిప్పులు పోసినట్లు పొక్కులై లేస్తుంది. దానిని మనం అక్కి అంటాము. ఎర్రమట్టి పూయించుకొని ఊరుకుంటాము. పొక్కులు మానినా నరాల నొప్పి నెలల తరబడి వేధిస్తుంది. పొక్కులు కనబడిన మూడు దినాలలోగా వైద్యుని వద్దకు వెళితే మాత్రలున్నాయి. కంటి దగ్గర లేస్తే ఒక్క దినం కూడా ఆగకూడదు.

రెండవ శత్రువు క్షయ. ఈ విషయంలో మన పూర్వపు చిత్తూరు జిల్లాకు ప్రపంచ చరిత్రలోనే చోటున్నది. మదనపల్లె వద్ద ఆరోగ్యవరంలోని క్షయ చికిత్సాలయం దక్షిణ భారతమంతటికీ పేరు పొందినది. భారతదేశంలో బి.సి.జి. టీకా 1948లో మొదలైనది ఆ మదనపల్లెలోనే. డాక్టర్ ఫ్రిమోట్ మోలర్ నాయకత్వంలో చుట్టుప్రక్కల పల్లెలలో జరిగిన క్షయ సర్వేలను నేటికీ శాస్త్రజ్ఞులు ఉదహరిస్తారు. తరువాత 1968లో, మన సరిహద్దుకు ఆవలనున్న చెంగల్పట్టు జిల్లాలో, నేటి తిరువళ్లూరు ప్రాంతంలో, లక్షలాది మందిపై అదే టీకాను పరీక్షించారు. పెద్దలలో ఊపిరితిత్తుల క్షయను అది ఆపలేదని తేలింది. పసిపిల్లలకు వచ్చే తీవ్రమైన క్షయరూపాల నుండి మాత్రం కాపాడుతుంది గనుక నేటికీ పుట్టిన శిశువుకు వేస్తున్నారు. పెద్దల సంగతిని ప్రభుత్వం మళ్లీ చేపట్టింది. 2024లో కొన్ని రాష్ట్రాలలో అధ్యయనరూపంగా అరవై దాటినవారికి, మధుమేహం ఉన్నవారికి, పొగత్రాగేవారికి, పూర్వం క్షయ వచ్చినవారికి, బక్కచిక్కినవారికి బి.సి.జి. ఇవ్వడం మొదలుపెట్టారు.

క్షయ క్రిమి ఒకసారి ప్రవేశించినవారిలో చాలామందికి జబ్బు రాదు. దేహం దానిచుట్టూ గోడ కట్టి బంధిస్తుంది. ఆ గోడకు కాపలా టి-కణాలదే. వయసు మీరి, మధుమేహం తోడై, తిండి తగ్గినప్పుడు గోడ బీటలు వారుతుంది. పరుపులు కుట్టి దూదిధూళి పీల్చిన మన దూదేకుల సోదరులు, బీడీలు చుట్టిన అక్కలు, పొయ్యిపొగలో జీవితం గడిపిన అమ్మలు ఈ సభలోనే ఉన్నారు. ఊపిరితిత్తులు ముందే దెబ్బతిన్నవారికి జబ్బు మరింత సులువుగా సోకుతుంది. రెండు వారాలకు మించి దగ్గుంటే తెమడ పరీక్ష చేయించండి. ప్రభుత్వ కేంద్రాలలో పరీక్షా ఉచితమే, మందులూ ఉచితమే. క్షయ వచ్చిందంటే మనవరాలి సంబంధం చెడుతుందని దాచిపెట్టే ఇండ్లున్నాయి. ఆ దాపరికం మొదట ముట్టించేది ఆ మనవరాలికే.

మరొక ముఖ్యమైన సంగతి. వృద్ధులకు పెద్ద జబ్బు వచ్చినా జ్వరం రాకపోవచ్చు. సూక్ష్మజీవులు సోకిన వయోధికులలో నూటికి 20 నుండి 30 మందికి జ్వరం రాదు, లేదా స్వల్పంగా వస్తుంది. జ్వరం రోగం కాదు, దేహం చేసే పోరాటపు వేడి. పోరాడే శక్తి తగ్గినప్పుడు వేడీ తగ్గుతుంది. మా వీధిలో ఒక పెద్దమ్మ రెండు దినాలుగా అన్నం ముట్టక, కొడుకును చూచి చనిపోయిన తమ్ముని పేరుతో పిలుస్తుంటే, ఇంటివారు మతిమరుపు అనుకున్నారు. తీసుకువెళ్లిన చోట కూడా ఒంటి మీద చేయివేసి, జ్వరం లేదు, బలం మందు వాడండి అని పంపివేశారు. మూడవ దినం ఎక్స్‌రే తీస్తే న్యుమోనియా. ఆమె బ్రతికింది గాని నడక పోయింది. కనుక కోడళ్లకు, కూతుళ్లకు ప్రత్యేకంగా చెబుతున్నాను. అత్తగారు, మామగారు ఉన్నట్టుండి తికమకపడినా, తిండి మానినా, క్రింద పడినా, ఎన్నడూ లేనిది పక్క తడిపినా, ఊపిరి వడిగా తీసినా, జ్వరం లేదు గదా అని ఊరుకోవద్దు. ఆరోగ్యంగా ఉన్నప్పుడు వారి ఒంటివేడి ఎంతో ఒకసారి కొలిచి వ్రాసి పెట్టుకోండి. దానికి 2 డిగ్రీల ఫారెన్‌హీట్ పెరిగితే, 100 దాటకపోయినా, అది జ్వరమే.

ఇప్పుడు టీకాల సంగతికి వస్తాను.

టీకా అంటే దొంగ రాకముందే అతని ఛాయాచిత్రాన్ని కాపలావారికి చూపించడం. ముసలి కాపలావాడు త్వరగా గుర్తుపెట్టుకోలేడు. అందుచేత ఫ్లూ టీకా యువకులలో పనిచేసినంతగా వృద్ధులలో పనిచేయదు. అది విని కొందరు, అలాగైతే ఎందుకు వేయించుకోవాలి అంటారు. బొమ్మను పెద్దది చేసి చూపాలన్నది శాస్త్రజ్ఞుల సమాధానం. మోతాదు పెంచిన ఫ్లూ టీకాలు అలా వచ్చినవే. అక్కికి వ్యతిరేకంగా, రోగనిరోధక వ్యవస్థను తట్టిలేపే సహాయక ద్రవ్యాన్ని కలిపి తయారుచేసిన కొత్త టీకా, డెబ్బై దాటినవారిలో కూడా సుమారు 90 శాతం రక్షణ ఇచ్చిందని 2016లో ప్రచురించిన పెద్ద పరిశోధన తేల్చింది. వార్ధక్యం వచ్చాక ఏం చేసినా వ్యర్థమన్న మాటకు ఇంతకంటే గట్టి జవాబు లేదు. ఆ టీకా 2023 నుండి మన దేశంలోనూ దొరుకుతున్నది. ధర వేలలో ఉన్నది. నెలకు 4,000 రూపాయల పింఛనుతో బ్రతికే వితంతువుకు అది దొరకడమూ దొరకకపోవడమూ ఒక్కటే.

మనలో హజ్‌కు వెళ్లివచ్చినవారున్నారు. బయలుదేరే ముందు శిబిరంలో మీకు ఏమేమి ఇచ్చారో జ్ఞాపకం చేసుకోండి. మెదడుపొరల వాపు రాకుండా మెనింజైటిస్ సూది, పోలియో చుక్కలు, అరవై ఐదు దాటినవారికి ఫ్లూ సూది. 1987 హజ్ సమయంలో మెనింజైటిస్ వ్యాపించిన తరువాత సౌదీ ప్రభుత్వం ఆ టీకాను తప్పనిసరి చేసింది. 2000లో మరొక రకం యాత్రికులతో పాటు అనేక దేశాలకు చేరగా, నాలుగు రకాలకు పనిచేసే టీకాను నిర్బంధం చేశారు. మన దేశం నుండి ఇటీవలి సంవత్సరాలలో కేటాయించిన యాత్రికుల సంఖ్య 1,75,025. ఇంతమందిని జాబితా వేసి, పిలిచి, సూది వేసి, పుస్తకంలో నమోదు చేయడం మన ప్రభుత్వానికి తెలుసు. చేతకాని పని కాదు. ఏటేటా చేస్తున్న పని.

మరి నా ప్రశ్న. యాత్రకు డబ్బు కూడబెట్టుకోగలిగిన అరవై ఆరేండ్ల హాజీకి ఫ్లూ టీకా అవసరమని ప్రభుత్వం ఒప్పుకున్నది. జీవితమంతా పరుపులు కుట్టి, ఆ యాత్రను కలలో మాత్రమే చేయగలిగిన అరవై ఆరేండ్ల మనిషి ఊపిరితిత్తులకు అది అవసరం లేదా? ఈ ప్రశ్న ముస్లిములది మాత్రమే కాదు. మన ప్రక్క వీధిలోని దళిత వృద్ధునిదీ, యానాదుల ముసలమ్మదీ అదే ప్రశ్న. ప్రభుత్వ సార్వత్రిక టీకా కార్యక్రమం పిల్లలకు, గర్భిణీలకు ఉద్దేశించినది. వృద్ధులకు ఏటా ఫ్లూ, న్యుమోనియా టీకాలు ఉచితంగా ఇచ్చే జాతీయ పథకం లేదు. బ్రిటన్‌లో అరవై ఐదు నిండిన ప్రతివారికి ఫ్లూ టీకా ఉచితం. అది ధనిక దేశం అనవచ్చు. కాని 2021 మార్చి 1 నుండి అరవై దాటినవారికి కరోనా టీకా ఉచితంగా వేసింది మన దేశమే. అప్పుడు వాడిన శీతల పెట్టెలు, ఏ.ఎన్.ఎం.లు, ఆశా కార్యకర్తలు, సచివాలయాలు అన్నీ ఇక్కడే ఉన్నాయి.

పిల్లల టీకాల వల్ల మనకూ మేలున్నది. అమెరికాలో 2000 నుండి పసిపిల్లలకు న్యూమోకాకస్ టీకా వేయగా, టీకా వేయని వృద్ధులలో కూడా ఆ జబ్బు తగ్గింది. జపానులో బడిపిల్లలకు ఫ్లూ టీకా వేసిన దశాబ్దాలలో ముసలివారి మరణాలు తగ్గాయి, 1994లో మానివేయగానే మళ్లీ పెరిగాయి. మన దేశంలో 2021 నుండి ఆ న్యూమోకాకస్ టీకా శిశువులందరికీ ఉచితం. టీకా దినాన మనవణ్ణి తీసుకువెళ్లడం తాత తన కోసం చేసుకొనే పని కూడా. కొన్ని ఇండ్లలో ఇంకా సంకోచిస్తున్నారని తెలిసి చెబుతున్నాను.

శరీరశ్రమను గురించి ఒక మాట. 2018లో ఇంగ్లండులో 55 నుండి 79 ఏండ్ల వయసు గల 125 మంది దూర సైకిలిస్టులను పరీక్షిస్తే, వారి థైమస్ నుండి వెలువడే కొత్త కణాలు యువకులతో పోల్చదగినట్లున్నాయి. మనం అంత సైకిలు తొక్కలేము. కాని మగవారు మసీదు వరకైనా, టీ అంగడి వరకైనా నడుస్తారు. మన ఇండ్లలోని ముసలమ్మలు గడప దాటరు, ఎండ తగలదు. అందరూ తిన్న తరువాత మిగిలిన అన్నమూ చారూ వారి వంతు. గుడ్డు, పప్పు, పాలు వారి పళ్లెంలోకి రావు. రోగనిరోధక కణాలూ ప్రతిదేహాలూ మాంసకృత్తులతోనే తయారవుతాయి. సాయంకాలం వారిని నడిపించుకొని వెళ్లే బాధ్యత ఇంటి పిల్లలకు అప్పగించండి. కలోంజీ నూనె, తేనె, ఖర్జూరం తినండి, మంచివే. కాని రోగనిరోధక శక్తి పెంచుతామని సీసాల మీద మతం పేరు అచ్చువేసి మూడింతల ధరకు అమ్మేవారి వద్ద పింఛను డబ్బు పోయకండి. చక్కెర అదుపులో లేకపోతే తెల్ల కణాలు సరిగా పనిచేయవు. ఆ సీసా ఖరీదుతో చక్కెర పరీక్ష ఎన్నిసార్లో చేయించుకోవచ్చు.

చివరకు కాగితం పని, నాకు తెలిసిన పని. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టాన్ని కొడుకుల మీద ఫిర్యాదుకే అనుకుంటారు. దానిలోని 20వ సెక్షన్ చదవండి. ప్రభుత్వ ఆస్పత్రులలో వయోవృద్ధులకు వీలైనంతవరకు పడకలు, ప్రత్యేక వరుస, జిల్లా ఆస్పత్రిలో వారికోసం కేటాయించిన సదుపాయం ఉండాలని అందులో ఉన్నది. 2010లో మొదలైన జాతీయ వయోధికుల ఆరోగ్య కార్యక్రమం ప్రకారం ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో వారానికి ఒకసారి వృద్ధుల క్లినిక్ నడవాలి. డెబ్బై నిండినవారందరికీ, ఆదాయంతో నిమిత్తం లేకుండా, సంవత్సరానికి 5 లక్షల వరకు ఆస్పత్రి చికిత్స వర్తించే కార్డును 2024 అక్టోబరులో కేంద్రం ప్రకటించింది. ఆస్పత్రిలో పడ్డ తరువాత 5 లక్షలు ఇవ్వడానికి సిద్ధపడిన ప్రభుత్వాన్ని, పడకుండా కాపాడే సూది అడగడం అత్యాశ కాదు.

కాబట్టి మన మండలంలో అరవై దాటినవారందరికీ, ముందుగా మధుమేహం, ఉబ్బసం, గుండెజబ్బు ఉన్నవారికి, ఫ్లూ, న్యుమోనియా టీకాలు ఉచితంగా ఇవ్వాలని, వృద్ధుల క్లినిక్ ఏ దినమో బోర్డు వ్రాయించాలని, తెమడ పరీక్షకు నడవలేనివారి ఇంటికే వచ్చి నమూనా తీసుకోవాలని జిల్లా కలెక్టరుగారికి, జిల్లా వైద్య ఆరోగ్యశాఖాధికారిగారికి దరఖాస్తు సిద్ధం చేశాను. సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో తిరుపతిలో ఇస్తాము. రసీదు సంఖ్య తీసుకోకుండా ఎవరూ బయటికి రాకండి. సంఖ్య లేని దరఖాస్తు కార్యాలయంలో పుట్టనట్లే లెక్క. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం క్రింద, ఆ దరఖాస్తు ఏ బల్ల మీద ఎన్ని దినాలు ఉన్నదో అడుగుదాము.

కాగితాలు తలుపు ప్రక్కన బల్ల మీద ఉన్నాయి. ఒకటి తెలుగులో, ఒకటి ఉర్దూలో. వయసు, ఉన్న జబ్బు, ఇంతవరకు వేయించుకున్న టీకాలు వ్రాయవలసిన గడులున్నాయి. వ్రాయలేనివారికి మన యువకులు ఇద్దరు కూర్చుని వ్రాసిపెడతారు. వేలిముద్రకు సిరాదిండు కూడా అక్కడే ఉన్నది. ఆడవారి వరుస ఎడమ ప్రక్కన. ముందుగా నిలుచోలేనివారికి దారి ఇవ్వండి.